జర్మనీలో మొదటి నెల: ముందు అడ్రస్ చూసుకోండి

నేను మాగ్డెబుర్గ్‌లో మాస్టర్స్ రెండో ఏడాది చదువుతున్నాను. సెమిస్టర్ మొదలయ్యే ముందు మన పిల్లలు కొత్తగా దిగుతుంటారు, "అక్కా, ముందు ఏం చెయ్యాలి?" అని మెసేజ్‌లు పెడుతుంటారు. నేను అందరికీ చెప్పేది ఒకటే: ముందు అడ్రస్ చూసుకోండి. ఇక్కడ పనులన్నీ ఒకదాని వెనక ఒకటి గొలుసులా ఉంటాయి. మొదటిది కుదరకపోతే మిగతా వాటి కోసం ఎంత తిరిగినా ప్రయోజనం ఉండదు.

అడ్రస్ అంటే రిజిస్టర్ చేసుకోవడానికి వీలున్న అడ్రస్. జర్మనీలో ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు సిటీ ఆఫీసుకు వెళ్లి పేరు నమోదు చేసుకోవాలి. దీన్నే అందరూ అన్మెల్డుంగ్ అంటారు. పాస్‌పోర్టుతో పాటు, మీరు ఫలానా తేదీ నుంచి తన ఇంట్లో ఉంటున్నారని యజమాని సంతకం పెట్టిన కాగితం కావాలి. దాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. నోరు తిరగకపోయినా ఫర్వాలేదు, ఫోన్‌లో రాసి పెట్టుకుని చూపించండి. రెంటల్ అగ్రిమెంట్ ఒక్కటే చూపిస్తే సరిపోదు.

అందుకే గది వెతికేటప్పుడు అద్దె కంటే ముందు "ఇక్కడ అన్మెల్డుంగ్ చేసుకోవచ్చా?" అని అడగండి. కుదరదంటే ఆ గది ఎంత చవకైనా నాలుగు రోజులు తలదాచుకోవడానికే. సీనియర్ గదిలో దిగి, అక్కడే రిజిస్టర్ చేయించమని పట్టుబట్టేవాళ్లు ఉంటారు. దయచేసి ఆ పని చెయ్యకండి. యజమానికి తెలియకుండా ఇంకో మనిషిని పెట్టుకుంటే ఆ సీనియర్ గదికే ఎసరు వస్తుంది. పాపం, మొహమాటానికి కాదనలేక ఇబ్బంది పడతారు.

అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే, వీసా కోసం ఎదురుచూడకుండా, ష్టుడెంటెన్‌వెర్క్ (విద్యార్థుల వసతి వగైరా చూసుకునే సంస్థ) వాళ్ల స్టూడెంట్ హాస్టల్‌కి అప్లై చెయ్యండి. వెయిటింగ్ లిస్టు పొడుగ్గా ఉంటుంది. అది కాకపోతే వేగే, అంటే నలుగురూ వంటిల్లు పంచుకునే ఫ్లాట్. ఇక్కడ ఒక మోసం తరచుగా జరుగుతుంది. ఓనరు వేరే దేశంలో ఉన్నానంటాడు, ఫొటోలు అద్భుతంగా ఉంటాయి, డిపాజిట్ పంపితే తాళాలు పోస్టులో పంపుతానంటాడు. గది మీరో, మీకు తెలిసినవాళ్లో కళ్లారా చూడకుండా ఒక్క యూరో కూడా పంపకండి. డిపాజిట్ కూడా ఇష్టం వచ్చినంత అడగడానికి లేదు. హీటింగ్ వగైరా ఖర్చులు కలపని అద్దెకు మూడు నెలల మొత్తం మించకూడదు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా చట్టం మీకు ఇచ్చింది. అద్దె అంకె చెప్పగానే అది కాల్ట్‌మీటేనా, వార్మ్‌మీటేనా అని అడగండి. మొదటిదానిలో హీటింగ్, నీళ్ల ఖర్చు కలిసి ఉండదు.

గదిలో దిగిన రోజే చెయ్యాల్సిన పని ఇంకోటి ఉంది: కింద పోస్టు డబ్బా మీద మీ పేరు అంటించడం. చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. ఇక్కడ ఫ్లాట్ నంబర్లు రాయడం అరుదు, పోస్ట్‌మ్యాన్ పేరు చూసే ఉత్తరం వేస్తాడు. పేరు కనపడకపోతే వెనక్కి పంపేస్తాడు. ట్యాక్స్ నంబరు, హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు, బ్యాంకు పిన్ అన్నీ పోస్టులోనే వస్తాయి. మా ఫ్లాట్‌లో ఒకమ్మాయి బ్యాంకు కార్డు కోసం రోజూ డబ్బా తెరిచి చూసుకునేది. తీరా అది ఎప్పుడో వెనక్కి వెళ్లిపోయిందని తెలిసింది. డబ్బా మీద మిగతా అందరి పేర్లూ ఉన్నాయి, తన పేరొక్కటే లేదు. మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనక రాసే అలవాటు కాబట్టి ఒక్కో చోట ఒక్కోలా పడుతుంది. పాస్‌పోర్టులో ఏది సర్‌నేమ్‌గా ఉందో, ఏ స్పెల్లింగ్ ఉందో, అన్నిచోట్లా అదే రాయండి, డబ్బా మీద కూడా.

రిజిస్టర్ అయిన కొన్ని వారాలకు రేడియో, టీవీ రుసుము కట్టమని ఒక ఉత్తరం వస్తుంది. టీవీ లేదు కదా అని చింపి పారెయ్యకండి. ఇది ఇంటికి ఒకటి చొప్పున నెలకు 18.36 యూరోలు, టీవీ ఉన్నా లేకున్నా కట్టాల్సిందే. ఫ్లాట్‌లో ఒకరు కడితే చాలు, మిగతావాళ్లు ఆ కట్టేవాళ్ల రుసుము ఖాతా నంబరు రాసి జవాబు పంపి, డబ్బు పంచుకోవచ్చు. పట్టించుకోకపోతే బాకీ పెరుగుతూ పోతుంది. అసలు ఇక్కడ ఏ ఉత్తరాన్నీ తెరవకుండా పక్కన పెట్టకండి. జర్మన్ రాకపోతే ఫోన్‌తో ఫొటో తీసి అనువాదం చేసుకోండి, అర్థం కాకపోతే ఎవరినైనా అడగండి.

బ్లాక్డ్ అకౌంట్, అంటే ఖర్చులకు డబ్బుందని చూపించడానికి ముందే జమ చేసే ఖాతా, దాని సంగతి వీసా కోసం తిరిగినప్పుడే మీకు తెలిసుంటుంది. 2024 సెప్టెంబరు నుంచి అందులో ఏడాదికి 11,904 యూరోలు వెయ్యాలి, అది నెలకు 992 చొప్పున విడుదలవుతుంది. ఆ డబ్బు పడటానికి మామూలు ఖాతా కావాలి కాబట్టి అన్మెల్డుంగ్ కాగానే తెరవండి. ఇన్సూరెన్స్ 30 ఏళ్ల లోపు వాళ్లకు స్టూడెంట్ రేటులో నెలకు 140 యూరోల పైమాటే, లెక్కలో వేసుకోండి.

వీసా విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. మీరు వచ్చే వీసా సాధారణంగా కొన్ని నెలలకే ఉంటుంది, ఆ గడువు లోపలే రెసిడెన్స్ పర్మిట్‌కి అప్లై చెయ్యాలి. విదేశీయుల ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకడానికి చాలా చోట్ల నెలలు పడుతుంది. గడువు దాటకముందే దరఖాస్తు పెట్టి, పెట్టినట్టు రుజువు దాచుకుంటే కార్డు ఆలస్యమైనా మీరు ఇక్కడ ఉండటం చట్టబద్ధమే. ఆ ధైర్యం ఉంటే రాత్రిళ్లు టెన్షన్ లేకుండా నిద్రపడుతుంది.

ఇక ఇంట్లో. మన వంటతో వచ్చే చిక్కు ఆవిరి, ఘాటు. ప్రతి ఇంట్లో స్మోక్ అలారం ఉంటుంది, ఎండుమిర్చి పోపు వేస్తే మోగుతుంది. చిమ్నీ వేసి, వంటింటి తలుపు మూసి, కిటికీ తెరిచి పోపు పెట్టండి. చలికి భయపడి కిటికీలు మూసే ఉంచితే గోడలకు బూజు పడుతుంది, వెళ్లేటప్పుడు డిపాజిట్‌లో కోత పడుతుంది. రోజుకు రెండు మూడుసార్లు హీటర్ తగ్గించి, కిటికీ పూర్తిగా బార్లా తెరిచి అయిదు పది నిమిషాలు గాలి ఆడనివ్వండి. రాత్రి 10 తర్వాత మిక్సీ, వాషింగ్ మెషిన్, పెద్దగా మాటలు వద్దు. చెత్త వేరు చెయ్యడం మీ ఫ్లాట్‌లో ఎవరినైనా అడిగి మొదటి రోజే నేర్చుకోండి. నీళ్ల ప్లాస్టిక్ బాటిళ్లు మాత్రం పారెయ్యకండి, సూపర్‌మార్కెట్ మెషిన్‌లో వేస్తే ఒక్కోదానికి 25 సెంట్లు వెనక్కి వస్తాయి. ఆదివారం షాపులు మూసేస్తారు. బియ్యం, పాలు, కూరగాయలు శనివారం సాయంత్రానికే తెచ్చుకోండి.

ట్రామ్‌లో టికెట్ లేకుండా దొరికితే 60 యూరోలు కట్టాలి. ఫోన్‌లో టికెట్ పెట్టుకుంటే ఛార్జింగ్ చూసుకోండి.

పార్ట్‌టైమ్ గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మొదటి సెమిస్టర్‌లో దాని వెనక పరిగెత్తకండి. 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చెయ్యొచ్చు, అవకాశం ఎక్కడికీ పోదు. ఇక్కడ పరీక్షకు విడిగా రిజిస్టర్ చేసుకోవాలి, ఆ తేదీ దాటితే రాయనివ్వరు. చాలా కోర్సుల్లో ఒక సబ్జెక్టుకు మూడు అవకాశాలే, మూడోసారీ తప్పితే ఆ కోర్సే పోతుంది. రాత్రంతా గోడౌన్‌లో పెట్టెలు మోసి పొద్దున క్లాసులో కునికిపాట్లు పడే పిల్లల్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. కాస్త కుదురుకున్నాక యూనివర్సిటీలోనే స్టూడెంట్ అసిస్టెంట్ పనికి ప్రొఫెసర్లకు రాయండి. ఆ పని ఈ రోజుల లెక్కలోకి రాదు, చదువుకూ పనికొస్తుంది.

నవంబరు గురించి ఎవరూ ముందే చెప్పరు. డిసెంబరుకి సాయంత్రం నాలుగింటికే పొద్దుగూకుతుంది, రోజుల తరబడి ఎండ కనపడదు. శీతాకాలంలో ఇక్కడికీ ఇండియాకీ నాలుగున్నర గంటల తేడా. మీ క్లాసులయ్యేసరికి అమ్మ నిద్రకు సిద్ధమవుతుంటుంది. అందుకని అక్టోబరులోనే యూనివర్సిటీ భాషా కేంద్రంలో జర్మన్ క్లాసుకో, యూనివర్సిటీ స్పోర్ట్స్‌లో బ్యాడ్మింటన్‌కో పేరు ఇవ్వండి. వారంలో రెండు సాయంత్రాలు ఫలానా చోటికి వెళ్లాలన్న పని ఉంటే ఆ చీకటి మనసులోకి రాదు. మన తెలుగువాళ్ల మధ్య ఉండటం మంచిదే, ప్రాణం లేచొస్తుంది. కానీ వారానికోసారైనా వేరే భాష మాట్లాడే చోటికి వెళ్లండి. దిగులు ఎక్కువైతే యూనివర్సిటీలో కౌన్సెలింగ్ ఉంటుంది. సిగ్గుపడకుండా వెళ్లండి, నేను వెళ్లాను.

ఒంట్లో బాగాలేకపోతే వెళ్లడానికి ఇంటి దగ్గర ఒక ఫ్యామిలీ డాక్టర్‌ని జబ్బు రాకముందే వెతికి పెట్టుకోండి. ప్రాణాపాయమైతే 112. అంత కాదు గానీ రాత్రిపూట డాక్టర్ కావాలంటే 116117. యాంటీబయోటిక్స్ ప్రిస్క్రిప్షన్ లేకుండా ఇవ్వరు. ఆదివారం మందులు కావాలంటే దగ్గర్లోని ఫార్మసీ దాకా నడవండి. అది మూసి ఉన్నా, ఆ రోజు డ్యూటీలో ఉన్న ఫార్మసీ పేరు, అడ్రస్ తలుపు దగ్గర రాసి పెడతారు.