ఆర్మీ జిప్సీ కొనడం ఎలా?

పాత ఆర్మీ జిప్సీ, అంటే సైన్యం వాడి అమ్మేసిన మారుతి జీపు, చూడటానికి వెళ్తే మొదటి అయిదు నిమిషాల్లో ఒక మాట వినిపిస్తుంది: "కర్నల్ గారు వాడిన బండి సార్." నేను ఇప్పటిదాకా చూసిన ప్రతి బండినీ ఏదో ఒక కర్నల్ గారే వాడారు. జవాన్లు ఎక్కిన బండి ఒక్కటీ అమ్మకానికి రాలేదు. ఈ మాటకి నవ్వేసి పని మొదలుపెట్టండి. పనిలో వరుస మాత్రం తప్పొద్దు: ముందు కాగితాలు, తర్వాత చాసిస్ (బండి అడుగు చట్రం), ఆ తర్వాతే ఇంజన్. చాలామంది బానెట్ ఎత్తి ఇంజన్ శబ్దం విని మురిసిపోయి బయానా ఇచ్చేస్తారు. ఇంజన్ని విజయవాడ ఆటోనగర్‌లో పది రోజుల్లో బాగు చేయించుకోవచ్చు. కాగితాన్ని బాగుచేసే షెడ్డు మాత్రం ఎక్కడా లేదు.

ఏ బండి కావాలో తేల్చుకోండి

మన దేశంలో సైన్యం నుంచి బయటికొచ్చి సరదాగా కొనుక్కునే బండ్లు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది విల్లీస్ జీపు, దాని వారసులైన మహీంద్రా పాత జీపులు. రెండోది జొంగా. నిస్సాన్ కంపెనీ 'పాట్రోల్' మోడల్ ఆధారంగా జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో 1969 నుంచి 1999 దాకా తయారైంది. దాదాపు 4 లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్. ధోనీ 2019లో ఒకటి కొన్నాక దీనికి మళ్లీ మోజు పెరిగింది. చూడటానికి రాజసమే కానీ పెట్రోల్ బంకు వాడితో చుట్టరికం కలుపుకోవాలి, స్పేర్ పార్టుల కోసం ఊళ్లు తిరగాలి. మొదటి బండిగా నేనైతే వద్దంటాను.

మూడోది మారుతి జిప్సీ. 1985 డిసెంబర్‌లో 970 సీసీ ఇంజన్‌తో, నాలుగు గేర్లతో వచ్చింది. 1993లో చక్రాల మధ్య వెడల్పు పెంచారు. 1996లో 1.3 లీటర్ ఇంజన్, అయిదు గేర్లతో జిప్సీ కింగ్ అయింది. 2000లో కార్బురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ (ఇంజన్లోకి పెట్రోల్‌ని ఇంజెక్టర్లతో చిమ్మే పద్ధతి) వచ్చింది. 2019లో మామూలు జనానికి అమ్మడం ఆపేశారు. వారం వారం నడపాలనుకుంటే 2000 తర్వాతి ఎంపీఎఫ్ఐ బండి చూడండి. దాని ఇంజన్ మారుతి ఎస్టీమ్ కారు ఇంజన్ కుటుంబానిదే కాబట్టి సామాను దొరకడం తేలిక, చేయి తిరిగిన మెకానిక్కులూ ఉన్నారు.

కొందరు "వింటేజ్ నంబర్ తీసుకుందాం, టెన్షన్ ఉండదు" అని ఆశపెడతారు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని బండికే ఆ వీఏ సిరీస్ నంబర్ ఇస్తారు. ఎంత పాత జిప్సీ అయినా 2035కి ముందు ఆ లెక్కలోకి రాదు. వచ్చినా ర్యాలీలకీ, ప్రదర్శనలకీ, పెట్రోల్‌కీ, రిపేర్‌కీ తప్ప రోజూ రోడ్డెక్కడానికి ఒప్పుకోరు. పాత విల్లీస్ ఉన్నవాళ్లకి ఉపయోగపడే సంగతి అది.

కాగితాలు: ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి

ఆర్మీ బండి మీ దగ్గరికి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, సైన్యం వేలంలో నేరుగా. రెండోది, వేలంలో ఎవరో కొని, సివిల్ రిజిస్ట్రేషన్ చేయించి, ఇద్దరు ముగ్గురు చేతులు మారాక. మొదటిసారి కొనేవాళ్లకి రెండో దారే మంచిది.

వేలాలు ఎక్కువగా కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ఆన్‌లైన్ వేదిక మీద జరుగుతాయి. కొనుగోలుదారుగా నమోదవ్వాలి, ముందు డిపాజిట్ కట్టాలి. బండ్లు లాట్ల లెక్కన ఉంటాయి, ఎలా ఉన్నది అలాగే తీసుకెళ్లాలి. ఇందులో ఒక మెలిక ఉంది. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల్ని తుక్కు చేయాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సైనిక అవసరాలకు వాడే ప్రత్యేక వాహనాలకు అందులో మినహాయింపు ఉంది. అందుకే వేలం షరతుల్లో ఆ లాట్ తుక్కు కిందికే అమ్ముతున్నారా, రోడ్డు మీద తిరిగే వాహనంగా అమ్ముతున్నారా అన్నది ఒకటికి రెండుసార్లు చదవండి. తుక్కు కింద కొన్నదాన్ని పెరట్లో పెట్టి చూసుకోవాలే తప్ప రోడ్డెక్కించలేరు.

నేరుగా కొన్న బండికి రిజిస్ట్రేషన్ అడగాలంటే ఫారం 20తో పాటు, అమ్మిన సైనిక అధికారుల నుంచి ఫారం 21లో ఒరిజినల్ అమ్మకపు పత్రం ఉండాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఆర్మీ బండ్ల కోసం ప్రత్యేకంగా రాసిన మాట అది. జిరాక్స్ చూపించి "ఒరిజినల్ ఇంట్లో ఉంది" అంటే ఇంటికే వెళ్లి చూడండి.

అప్పటికే సివిల్ నంబర్ ఉన్న బండైతే సి-బుక్కులో రెండు సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూడండి: తయారైన ఏడాది, రిజిస్టరైన ఏడాది. నిజంగా సైన్యంలో పనిచేసిన బండైతే ఈ రెండింటికీ మధ్య చాలా ఏళ్ల తేడా ఉంటుంది. 1998లో తయారై 2010లో రిజిస్టరైంది అన్నట్టు. రెండూ ఒకటే ఏడాదైతే అది షోరూమ్ నుంచి ఎవరింటికో వెళ్లి, తర్వాత ఆకుపచ్చ రంగు పూసుకున్న బండి. బండిగా బాగానే ఉండొచ్చు, కానీ "ఆర్మీ" అన్న పేరుకి అదనపు డబ్బు ఇవ్వక్కర్లేదు.

వేరే రాష్ట్రం బండైతే ఫారం 28 ఎన్వోసీ (అభ్యంతరం లేదని పాత ఆర్టీవో ఇచ్చే పత్రం), పేరు మార్పుకి ఫారం 29, ఫారం 30 కావాలి. సి-బుక్కు గడువు మిగిలి ఉందో, అయిదేళ్ల రెన్యువల్ దాటిపోయిందో చూడండి. ఢిల్లీ చుట్టుపక్కల 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలున్నాయి కాబట్టి అక్కడివి చౌకగా కనిపిస్తాయి. ఎన్వోసీ చేతికి రాకుండా అలాంటి బండికి రూపాయి ఇవ్వకండి. ఇది నేను నేర్చుకున్నది డబ్బు పోగొట్టుకునే. ఒక బ్రోకర్ "ఎన్వోసీ వారంలో వస్తుంది" అంటే నమ్మి బయానా ఇచ్చాను. నాలుగు నెలలు తిరిగాక తేలిందేమిటంటే బండి మీద పాత ఫైనాన్స్ బాకీ అలాగే ఉంది. సి-బుక్కు వివరాలు ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో చూసుకుని ఉంటే రెండు నిమిషాల్లో తెలిసేది.

చాసిస్ నంబర్‌ను చేత్తో తడమండి

ఒక వైర్ బ్రష్, కాస్త కిరోసిన్, పాత గుడ్డ, పెన్సిల్, వెడల్పాటి సెల్లో టేప్ పట్టుకెళ్లండి. చాసిస్ మీద నంబర్ చెక్కిన చోటు తుడిస్తే కింద ఇనుము కనిపిస్తుంది. దాని మీద పెన్సిల్‌తో మెల్లగా రుద్ది, టేప్ అతికించి తీయండి. అంకెలు టేప్ మీదికి దిగుతాయి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లినా ఈ ప్రింటే అడుగుతారు. అంకెల లోతు, అంకెకీ అంకెకీ మధ్య దూరం ఒకేలా ఉండాలి. చుట్టూ వెల్డింగ్ గుర్తులున్నా, గ్రైండర్ పెట్టినట్టు నున్నగా ఉన్నా, ఒక అంకె వంకరగా ఉన్నా అక్కడితో ఆపేసి వచ్చేయండి. ఇంజన్ నంబర్ కూడా సి-బుక్కుతో కలవాలి. కొన్ని జిప్సీల్లో డీజిల్ ఇంజన్ బిగించి ఉంటారు. ఆ మార్పు సి-బుక్కులో ఎక్కకపోతే ఆ బరువు మీ నెత్తినే పడుతుంది.

తుప్పు

కింద పడుకోక తప్పదు. మాసిన బట్టలేసుకుని వెళ్లండి. చిన్న సుత్తితో చాసిస్ పొడవునా కొట్టుకుంటూ పోండి. గట్టి ఇనుము ఖంగున మోగుతుంది, తుప్పు తిన్నది డబ్ డబ్ మంటుంది. వెనక చక్రాలు దాటాక చాసిస్ కొసలు, కమాన్లు బిగించే చోట్లు, కాళ్ల కింది నేల రేకు, అద్దం ఫ్రేము కింది అంచు బాగా చూడండి. మందంగా పూసిన నల్ల రంగు కనిపిస్తే దాని కింద ఏదో దాచారనే అనుకోండి. బాడీ రేకు మీద ఫ్రిజ్ అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కోని చోట పుట్టీ ఉన్నట్టు. సీట్ల కింద, డాష్‌బోర్డ్ లోపల పాత ఆకుపచ్చ పొరలు పొరలుగా ఉంటే, వైర్‌లెస్ సెట్ బిగించిన రంధ్రాలుంటే కర్నల్ గారి కథలో కొంత నిజం ఉందన్నమాట. సముద్రం దగ్గర తిరిగిన బండైతే ఈ పనికి రెట్టింపు టైం పెట్టండి.

నడిపి చూడండి

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయాలి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే టీ తాగి వస్తామని చెప్పి గంట తర్వాత రండి. నీలం పొగ వస్తే ఖర్చుంది, కానీ భయపడక్కర్లేదు.

అసలు చూడాల్సింది ముందు ఇరుసు. ముందు చక్రాల వెనక గుండ్రటి బంతిలాంటి భాగం ఉంటుంది. దాని అంచున వేలు పెట్టి రాయండి. చిక్కటి గ్రీజు అంటితే పర్వాలేదు. పల్చగా, నూనె కలిసిన పులుసులా కారుతుంటే లోపల ఆయిల్ సీల్ పోయి ఇరుసు నూనె బయటికొస్తోందని అర్థం. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజుగా ఊగితే బేరింగులు అరిగాయి. అలాంటి బండిలో యాభై, అరవై స్పీడులో చిన్న గుంత తగిలినా స్టీరింగ్ చేతుల్లో గజగజ వణుకుతుంది. మొదటిసారి అది జరిగితే గుండె ఆగినంత పనవుతుంది. అందుకే ఖాళీ రోడ్డు మీద ఆ స్పీడు ఒకసారి చూడాల్సిందే.

ఫోర్ వీల్ డ్రైవ్‌ని తారు రోడ్డు మీద వేసి చూపించమనకండి. ఆ గేర్లకి తిప్పలు. మట్టి రోడ్డు మీదికి తీసుకెళ్లి ఫోర్ హై, ఫోర్ లో రెండూ వేయండి. 'ఫోర్ లో'లో ఎత్తు ఎక్కిస్తూ యాక్సిలరేటర్ వదిలినప్పుడు లివర్ దానంతటది బయటికి దూకితే ఆ గేర్ పెట్టె విప్పాలి. ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి.

బేరం, ఆ తర్వాత

బండి ధర ఎంతైనా దాంట్లో సగం విడిగా పక్కన పెట్టుకోగలిగితేనే దిగండి. టైర్లు, హుడ్, బ్రేకులు, పెట్రోల్ పైపులు మొదటి నెలలోనే అడుగుతాయి. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ పాత రబ్బరు పైపుల్ని మెత్తబరుస్తుంది కాబట్టి పైపుల్ని ఏమీ చూడకుండా మార్చేయండి. బయానాకి రసీదు తీసుకోండి. అందులో "ఎన్వోసీ రాకపోతే తిరిగిస్తాను" అన్న మాట రాయించుకోండి. పేరు మారకుండా, ఇన్సూరెన్స్ లేకుండా హర్యానా నుంచి హైదరాబాద్ దాకా నడుపుకుంటూ రావడం సాహసం కాదు, ట్రక్కు మీద వేయించండి.

రంగు సంగతి చివరికి పెట్టాను, ఎందుకంటే చాలామంది దీని కోసమే కొంటారు. రక్షణ శాఖ వాహనాలు తప్ప మరే వాహనానికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదని మోటారు వాహనాల నిబంధన 121 చెబుతోంది. పైకి చూసే బాణం గుర్తున్న నంబర్ ప్లేటు, నక్షత్రాలు, ఆర్మీ స్టిక్కర్ల జోలికీ పోకండి. నా బండికి ఇసుక రంగు వేయించాను, సి-బుక్కులో కూడా రంగు మార్పించాను. డాష్‌బోర్డ్ లోపలి ఆకుపచ్చ పొరల్ని మాత్రం పెయింటర్‌ని ముట్టుకోనివ్వలేదు.