రేసింగ్ పెడల్స్ జారడం ఇలా ఆగింది

కడపలో మాది పది బై పన్నెండు అద్దె గది. కింద కడప బండలు, అద్దంలా నున్నగా ఉంటాయి. కార్ రేసింగ్ గేమ్ ఆడే స్టీరింగ్‌ని టేబుల్‌కి బిగించుకున్నా సరే, బ్రేక్ గట్టిగా తొక్కితే పెడల్స్ మంచం కిందికి, చక్రాలున్న కుర్చీ వెనక్కి పోయేవి. రబ్బరు మ్యాట్, డబుల్ టేప్, గోడకు అడ్డంగా ఇటుక, అన్నీ చూశాను. ఇటుకకు సున్నం రాలి ఇంటి ఓనరమ్మతో మాటలు కూడా పడ్డాను.

కాలు పెడల్‌ని ఎంత బలంగా తోస్తే, వీపు కుర్చీని అంతే బలంగా వెనక్కి తోస్తుంది. అంటే ఆ రెండింటినీ నేలకు కాదు, ఒకదానికొకటి కట్టాలి.

ముందు నాలుగు కాళ్ల ఇనప కుర్చీ తెచ్చాను. ఐదడుగుల పొడవున 18 ఎంఎం ప్లైవుడ్ కోయించాను. దాని మీద కుర్చీ వేసుకుని కూర్చుని, బ్రేక్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండేలా పెడల్స్ చోటు పెన్సిల్‌తో గీసుకున్నాను. ఇక్కడ తొందరపడొద్దు, నేను రెండుసార్లు రంధ్రాలు వేశాను. తర్వాత పెడల్స్‌ని బోల్టులతో బిగించి, బోల్టు తలలు అడుగున చెక్కలోకి దిగేలా చూశాను. కుర్చీ వెనక కాళ్లకు ఆనుకునేలా ఒక చెక్క రీపును అడ్డంగా స్క్రూ చేశాను. కుర్చీని బిగించనే లేదు. ఆట అయ్యాక పలకని గోడకి నిలబెట్టేస్తా.

నావి మామూలు పెడల్స్. లోడ్ సెల్ బ్రేక్‌ని (పెడల్ ఎంత కదిలిందో కాక, ఎంత బలంగా తొక్కామో కొలిచే రకం) ఇంకా గట్టిగా తొక్కాలి, తేలిక కుర్చీ అయితే వెనక్కి తిరగబడొచ్చు. అక్కడ ఈ రీపు ఒక్కటే సరిపోతుందని మాత్రం చెప్పలేను.