బేస్‌బాల్‌లో ఎక్కడ నిలబెట్టినా ఆడాలంటే: జోబ్రిస్ట్ దారి

టీమ్‌లో తొమ్మిది చోట్లా వేరేవాళ్ళు పాతుకుపోయి ఉంటే మీకు దారేంటి? ఎక్కడ నిలబెట్టినా ఆడగలగడమే. ఇలాంటివాళ్ళని అమెరికాలో యుటిలిటీ ప్లేయర్ అంటారు, 2022 నుంచి ఫీల్డింగ్‌కి ఇచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డు వాళ్ళకి విడిగా కూడా ఇస్తున్నారు. తిరుపతి, చిత్తూరు పిల్లలెవరైనా అడిగితే నేను చూడమనేది అమెరికా ప్లేయర్ బెన్ జోబ్రిస్ట్ కెరీర్.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. జోబ్రిస్ట్ 2006లో మేజర్ లీగ్ (అమెరికాలో పై స్థాయి లీగ్)లో టాంపా బే టీమ్‌లోకి వచ్చింది షార్ట్‌స్టాప్‌గా. సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య ఉండే ఆ చోట కాళ్ళు, చేతులు, త్రో మూడూ పదునెక్కుతాయి, అందుకే అక్కడ ఆడినవాణ్ణి సెకండ్ బేస్‌కో, బేస్‌లకి వెనకుండే అవుట్‌ఫీల్డ్‌కో మార్చడం తేలిక, అవుట్‌ఫీల్డ్‌లో పెరిగినవాణ్ణి తెచ్చి షార్ట్‌స్టాప్‌లో పెట్టడం మాత్రం చాలా కష్టం. మీది ఎడమచేతివాటం కాకపోతే ముందు షార్ట్‌స్టాప్ అడగండి. ఎడమచేతివాటమైతే ఫస్ట్ బేస్, అవుట్‌ఫీల్డ్.

క్రికెట్ నుంచి వచ్చినవాళ్ళకి ఒక అలవాటు ఓ పట్టాన పోదు. నేలబంతి వస్తే మోకాలు నేలకి ఆనించి అడ్డం కూర్చుంటారు. బౌండరీ దగ్గర అది మంచిదే, ఇక్కడ కొంప ముంచుతుంది. బ్యాటర్ 90 అడుగులు పరిగెత్తి ఫస్ట్ బేస్ చేరడానికి నాలుగు సెకన్ల పైన కాస్త పడుతుంది, అంతే, ఆలోపు మీరు బంతి ఆపి, గ్లవ్‌లోంచి చేతికి తీసుకుని, విసిరెయ్యాలి. బంతి వచ్చేదాకా నిలబడకుండా ఎదురెళ్ళండి, మోకాళ్ళు వంచి గ్లవ్ వేళ్ళు నేలకి తగిలేలా పెట్టండి. బంతి లేస్తే గ్లవ్ పైకెత్తడం సులువు, కిందికి దించడానికి టైం ఉండదు. మన గ్రౌండ్లలో గులకరాయి తగిలి బంతి ఎటు లేస్తుందో దేవుడికే తెలియాలి, పళ్ళు జాగ్రత్త, కానీ చేతులు చురుగ్గా తయారయ్యేదీ అక్కడే. మే నెలలో అయితే పొద్దున ఎనిమిదిలోపు ముగించేయండి, ఆ తర్వాత తిరుపతి ఎండలో నేర్చుకునేదేమీ లేదు.

సాఫ్ట్‌బాల్‌లో బేస్‌ల మధ్య 60 అడుగులే కాబట్టి అక్కడినుంచి వచ్చేవాళ్ళు త్రో దూరం నెమ్మదిగా పెంచుకోవాలి, లేదంటే భుజం పోతుంది.

అవుట్‌ఫీల్డ్‌లో తల మీదుగా వచ్చే బంతికి మొదటి అడుగు వెనక్కే వెయ్యాలి. ఇన్‌ఫీల్డ్‌లో, అంటే బేస్‌ల దగ్గర, పక్కవాటంగా విసిరినా నడుస్తుంది కానీ ఇక్కడ చెయ్యి పైనుంచి రావాలి, వేళ్ళు కుట్టుకి అడ్డంగా ఉండాలి, లేకపోతే బంతి వంకర తిరుగుతుంది.

ఇక బ్యాట్. అందరూ మర్చిపోయేది దీన్నే. జోబ్రిస్ట్ మొదట్లో బ్యాటింగ్‌లో తేలిపోయాడు, 2007లో మళ్ళీ కింది స్థాయి మైనర్ లీగ్‌కి పంపేశారు కూడా. స్వింగ్ మార్చుకుని వచ్చి 2008లో 12 హోమ్‌రన్లు, 2009లో 27 కొట్టాడు. ఆ 2009లోనే పిచర్ (బ్యాటర్‌కి బంతి విసిరేవాడు), క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) తప్ప మిగతా ఏడు చోట్లా ఆడి, లీగ్‌లో మేటివాళ్ళ ఆల్‌స్టార్ టీమ్‌కి ఎంపికయ్యాడు. మేనేజర్ జో మాడన్ అతన్ని అన్ని చోట్లా తిప్పింది, నన్నడిగితే, ఆ బ్యాట్‌ని బెంచీ మీద కూర్చోబెట్టలేకే. 2016 వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) ఏడో మ్యాచ్ పదో ఇన్నింగ్స్‌లో అతను కొట్టిన డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్)తోనే అప్పటి అతని టీమ్ చికాగో కబ్స్ ఆధిక్యంలోకి వెళ్ళింది, 108 ఏళ్ళ తర్వాత టైటిల్ గెలిచింది. సిరీస్ ఎంవీపీ (ఉత్తమ ఆటగాడు) కూడా అతనే.

1965 సెప్టెంబర్ 8న మరో మేజర్ లీగ్ ప్లేయర్ బెర్ట్ కాంపనెరిస్ ఒకే మ్యాచ్‌లో తొమ్మిది చోట్లా ఆడాడు. అది జనాన్ని రప్పించడానికి పెట్టిన షో, చివరికి క్యాచర్‌గా ఉన్నప్పుడు హోం ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) దగ్గర రన్నర్‌తో గుద్దుకుని దెబ్బతో బయటికెళ్ళాడు. సరైన కిట్ లేకుండా మీరు క్యాచర్ జోలికి పోవద్దు.

ఇన్‌ఫీల్డ్ గ్లవ్ పదకొండున్నర అంగుళాలు, అవుట్‌ఫీల్డ్‌ది పన్నెండున్నర పైన. ఒకటే కొనగలిగితే 12 అంగుళాలది తీసుకోండి. సెలక్షన్స్‌లో మాత్రం ‘ఎక్కడైనా ఆడతా సార్’ అనొద్దు, అలా అన్నవాడి పేరు ఎక్స్‌ట్రాల్లోకి పోతుంది. ‘షార్ట్‌స్టాప్, సెకండ్ బేస్, లెఫ్ట్ ఫీల్డ్ ఆడతా సార్’ అని చోట్ల పేర్లు చెప్పండి.