డిస్‌ఆనర్డ్ 2 మొదటిసారి ఆడేవాళ్లకు: కథను వదిలేయండి, ఇళ్లను పట్టుకోండి

కథ కోసమైతే డిస్‌ఆనర్డ్ 2 అనే ఈ చాటుమాటు వీడియో గేమ్ కొనకండి. మొదటి గేమ్‌లో లాగే ఇందులోనూ సింహాసనం చేజారుతుంది, మళ్లీ దక్కించుకోవాలి, అంతే. పైగా విలన్ డెలైలా ఎవరో తెలియాలంటే మొదటి గేమ్‌కి 2013లో వచ్చిన డీఎల్‌సీలు (విడిగా అమ్మిన అదనపు భాగాలు) ఆడి ఉండాలి. ఆడనివాళ్లకి మొదటి సీన్‌లోనే "ఈవిడెవరు, ఈ గొడవేంటి" అనిపిస్తుంది. పట్టించుకోకుండా ఓడెక్కేయండి. 2016లో ఈ సీక్వెల్ తెచ్చిన ఆర్కేన్ లియాన్ స్టూడియో పనితనమంతా కర్నాకా అనే ఊళ్లో, అక్కడి ఇళ్లలో ఉంది. వాటిలో ఎలా తిరగాలో చెప్పడమే ఇక్కడ నా పని.

సింహాసనం పోగొట్టుకున్న మహారాణి ఎమిలీగా ఆడతారా, ఆమె తండ్రి, అంగరక్షకుడు కోర్వోగా ఆడతారా అని మొదట్లోనే అడుగుతుంది. ఎమిలీని తీసుకోండి. కోర్వోకున్న బ్లింక్ (రెప్పపాటులో కొంత దూరం మాయంగా దూకడం), టైమ్ ఆపడం పాత గేమ్‌లో చూసినవే. ఎమిలీకి డామినో ఉంది: ఇద్దరు గార్డులను ముడేసి, ఒకడికి మత్తు డార్ట్ కొడితే ఇద్దరూ కూలబడతారు. అప్‌గ్రేడ్ చేస్తే నలుగురిని ముడేయొచ్చు. అందుకే పవర్స్ కొనడానికి దొరికే తొలి రూన్లన్నీ, దూరంగా ఉన్నచోటికి మిమ్మల్ని లాగేసే ఫార్ రీచ్‌కి, డామినోకి పెట్టండి. మిగతా పవర్స్ తీరిగ్గా చూసుకోవచ్చు.

చంపాలా వద్దా? మా తమ్ముడు కోర్వోని తీసుకుని కనిపించినవాణ్ణల్లా నరుక్కుంటూ పోయాడు. గేమ్ అదీ ఒప్పుకుంటుంది, కానీ చావులు పెరిగేకొద్దీ శవాల్లో గూళ్లు కట్టే బ్లడ్‌ఫ్లై అనే కీటకాలు ఊరంతా పెరుగుతాయి, ముగింపు కూడా చీకటిగా మారుతుంది. మొదటిసారి వీలైనంతవరకు పీక నొక్కి నిద్రపుచ్చండి. పైనుంచి దూకి కూడా ప్రాణం తీయకుండా పడగొట్టొచ్చు, ఇది సీక్వెల్‌లో కొత్తగా వచ్చిన సుఖం. స్పృహ తప్పినవాణ్ణి నీళ్ల పక్కన మాత్రం వదలకండి, జారి మునిగితే ఆ చావు మీ ఖాతాలోనే పడుతుంది. మీ దగ్గరుండే హార్ట్ అనే మాయ గుండెని ఎవరి మీదికైనా గురిపెడితే వాళ్ల రహస్యం ఒకటి చెబుతుంది. కత్తి తీసేముందు అది విని, ఆ తర్వాత మీ ఇష్టం.

గార్డుల కంటపడిన ప్రతిసారీ పాత సేవ్ లోడ్ కొట్టడం మానుకోండి. ఈ గేమ్‌లో పెద్ద లోపం ఇదేనని నా అభిప్రాయం: క్విక్ సేవ్ అంత చేతికందేలా ఉంటే ఎవరైనా పరిపూర్ణత పిచ్చిలో పడతారు. నిజానికి దొరికిపోయాక కిటికీలోంచి దూకి, బాల్కనీ పట్టుకుని, పైకప్పెక్కి ఊపిరి బిగబట్టే ఆ టెన్షన్‌లోనే సగం మజా ఉంది. నేను కొత్త భవనంలోకి అడుగుపెట్టేటప్పుడే సేవ్ చేస్తాను. సెట్టింగ్స్‌లో ఆబ్జెక్టివ్ మార్కర్లు కూడా తీసేయండి, లేకపోతే కళ్లు గుర్తు వెంటే పోతాయి తప్ప గోడలను చూడవు.

నాలుగో మిషన్ క్లాక్‌వర్క్ మాన్షన్. యంత్రాలు కనిపెట్టే కిరిన్ జిండోష్ ఇల్లు. లివర్ లాగితే గోడలు మడతపడి, నేల లేచి, హాలు కాస్తా ఇంకో గదైపోతుంది. అందరూ ముచ్చటపడి లివర్లు లాగుతూ పోతారు. మీరు ఒక్కటి కూడా లాగకముందే తలెత్తి చూడండి, పైన గాజు ఉంటుంది. ఎక్కడ పగలగొట్టొచ్చో, గోడల వెనకున్న యంత్రాల మధ్యలోకి ఎలా దూరొచ్చో వెతకండి. జిండోష్‌కి తెలియకుండానే అతని దాకా వెళ్లొచ్చు. కాపలాకున్న యంత్ర సైనికులకు వెనక కూడా కళ్లుంటాయి, వీపు చాటున నక్కితే లాభం లేదు. తల ఎగరగొడితే గుడ్డిగా, అడ్డమొచ్చిన వాళ్లందరినీ కొడతారు, గార్డులతో సహా. యంత్రాలు కాబట్టి ఈ సైనికులను పగలగొట్టడం చావుల లెక్కలోకి రాదు.

కర్నాకాలోని డస్ట్ డిస్ట్రిక్ట్ అనే పేటలో ఒక తలుపుకి జిండోష్ చేసిన తాళమే ఉంటుంది. ఐదుగురు ఆడవాళ్లు, ఎవరి వారసత్వ వస్తువు ఏది అని లాజిక్ పజిల్. సమాధానం ఆట ఆటకీ మారుతుంది, యూట్యూబ్‌లో చూసి కొట్టేద్దామంటే కుదరదు. కాగితం, పెన్ను తెచ్చుకుని గళ్లు గీయండి. విప్పితే ఆ మిషన్‌లో చాలా భాగం దాటేయొచ్చు. అయినా విప్పాక కూడా వీధుల్లో తిరగమంటాను, దాటేయడానికి అవి మరీ బాగున్నాయి.

ఆ తర్వాతి మిషన్‌లో, గనుల యజమాని స్టిల్టన్ ఇంట్లో మీ పవర్స్ పనిచెయ్యవు. బదులుగా చేతికో టైమ్‌పీస్ వస్తుంది. దాని అద్దంలో మూడేళ్ల కిందటి ఇల్లు కనిపిస్తుంది, నొక్కితే అక్కడే ఉంటారు. గార్డు వస్తే ఈ కాలంలోకి జారుకుని, వాడి వెనక మళ్లీ తేలండి. గతంలో స్టిల్టన్‌ని ఏం చేస్తారన్నదాన్ని బట్టి వర్తమానం మారిపోతుంది, ఇంతకంటే చెప్పను. ఇంత అద్భుతమైన ఆలోచనను ఒక్క మిషన్‌తో వదిలేశారన్న కోపం మాత్రం నాకింకా పోలేదు.

కర్నాకాని ఏలే డ్యూక్ కోటలో అతనిలాగే ఉండే నకిలీ మనిషిని ముందు వెతికి మాట్లాడండి. ఆ తర్వాత రాజధాని డన్‌వాల్‌లో జరిగే చివరి మిషన్ చప్పగా ఉంటుంది, త్వరగా ముగించేయండి.

పీసీలో ఆడేవాళ్లకు ఒక మాట. విడుదలప్పుడు ఇది బాగా నత్తనడక నడిచింది, ప్యాచ్‌లతో మెరుగుపడింది. అప్‌డేట్లన్నీ వేసుకున్నాకే మొదలుపెట్టండి, ఒకసారి ముగించాక మళ్లీ మొదటినుంచి ఆడే న్యూ గేమ్ ప్లస్ కూడా అలా వచ్చిందే. అందులో ఇద్దరి పవర్సూ ఒకరికే దొరుకుతాయి. కోర్వో చేతిలో డామినో పెట్టి మా తమ్ముడి పద్ధతి అప్పుడు ప్రయత్నించండి.