శాంతి చర్చలకు మధ్యవర్తిత్వం వహించడం ఎలా: ఆచే ఒప్పందం చూపే పద్ధతి

దౌత్యవృత్తిలోకి రావాలనుకునే యువతలో చాలామంది శాంతి చర్చలకు మాటకారితనమే ప్రధానమని భావిస్తారు. అనుభవజ్ఞుడైన దౌత్యవేత్త నేర్పు అక్కడ ఉండదు. ఏ అంశం ఎప్పుడు చర్చకు రావాలి, ఏది అసలు రాకూడదు, కుదిరిన మాట ఏ తేదీలోగా ఎవరి కళ్లెదుట అమలు కావాలి అన్నవి ముందే తేల్చడంలో ఉంటుంది. ఇండోనేషియా ప్రభుత్వానికీ, ఆ దేశంలోని ఆచే ప్రాంతానికి స్వాతంత్ర్యం కోరుతూ తిరుగుబాటు చేసిన స్వేచ్ఛా ఆచే ఉద్యమానికీ మధ్య ఫిన్లాండ్ మాజీ అధ్యక్షుడు మార్టీ అహ్తిసారి 2005లో కుదిర్చిన ఒప్పందం ఇందుకు మంచి పాఠం.

మొదట ఒక ప్రాంతాన్ని ఎంచుకుని దాన్ని ఏళ్ల తరబడి వదలకుండా అధ్యయనం చేయండి. మన దేశంలో ఈ దారి సివిల్ సర్వీసెస్ పరీక్షతో, భారత విదేశాంగ సేవ అయిన ఐఎఫ్‌ఎస్‌కు ఎంపికతో మొదలవుతుంది. శిక్షణలో భాగంగా ఒక విదేశీ భాష తప్పనిసరిగా నేర్చుకోవాలి. అయితే ఉద్యోగం ఇచ్చేది హోదా మాత్రమే, ఇరుపక్షాల నమ్మకాన్ని ఎవరికి వారు సంపాదించుకోవలసిందే. అహ్తిసారి 1973లో టాంజానియాకు రాయబారిగా వెళ్లారు, 1977లో నమీబియా వ్యవహారాలకు ఐక్యరాజ్యసమితి కమిషనర్ అయ్యారు. దక్షిణాఫ్రికా అధీనంలో ఉన్న నమీబియా స్వాతంత్ర్యానికి దారి చూపే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 435వ తీర్మానం 1978లోనే వచ్చినా, దాని అమలు 1989 ఏప్రిల్ 1న గానీ మొదలు కాలేదు. అన్నేళ్లు అదే పనిని పట్టుకుని ఉండగలిగిన ఓర్పే ఆయన అసలు అర్హత అని నా అభిప్రాయం.

చర్చలకు పిలిచే ముందే హద్దు గీయండి. ఆచేలో 2002 డిసెంబరులో కుదిరిన కాల్పుల విరమణ 2003 మే నాటికే కుప్పకూలింది. అందుకే 2005 జనవరిలో హెల్సింకీ దగ్గర చర్చలు ప్రారంభమైనప్పుడు, కాల్పుల విరమణను ముందుగా తేల్చుకుందామన్న ఆలోచనను అహ్తిసారి పక్కన పెట్టి, ఇండోనేషియాలో భాగంగా ఉంటూనే ఆచేకు ఎలాంటి పాలన దక్కాలన్న రాజకీయ ప్రశ్ననే ముందుకు తెచ్చారు. అన్ని అంశాలూ కుదిరేదాకా ఏ ఒక్కటీ కుదిరినట్లు కాదని ఇరుపక్షాలకూ ముందే చెప్పారు. అంతకు కొద్ది వారాల ముందు, 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఆచేను తుడిచిపెట్టింది. ఆ విషాదం ఇరుపక్షాలపైనా ఒత్తిడి పెంచిన మాట నిజమే కానీ, ఒత్తిడి ఒక్కటే ఒప్పందం రాసిపెట్టదు. తిరుగుబాటుదారులు స్వాతంత్ర్య డిమాండును వదిలి స్వపరిపాలనకు అంగీకరించారు, ప్రభుత్వం స్థానిక పార్టీలకూ, సహజ వనరుల ఆదాయంలో 70 శాతం వాటాకూ ఒప్పుకుంది. ఐదు విడతల చర్చల తర్వాత ఆగస్టు 15న సంతకాలయ్యాయి.

సంతకాలకు ముందే పర్యవేక్షకులను సిద్ధం చేసుకోండి. చాలా ఒప్పందాలు చతికిలపడేది ఇక్కడే కాబట్టి దీనిపై ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. యూరోపియన్ యూనియన్‌, ఆగ్నేయాసియా దేశాల కూటమి అయిన ఆసియాన్‌లోని ఐదు దేశాలు కలిసి ఏర్పాటు చేసిన పర్యవేక్షక బృందం సెప్టెంబరు 15న పని మొదలుపెట్టింది. ఉద్యమకారులు 840 ఆయుధాలు అప్పగించాలి, ప్రభుత్వం అదనపు బలగాలను వెనక్కి పంపాలి. ఈ రెండూ నాలుగు దశల్లో, ఒకదానికొకటి జతగా, డిసెంబరు 31లోగా ముగియాలి. ఆయుధం పనికొచ్చేదో కాదో పర్యవేక్షకులే పరీక్షించి లెక్కలో చేర్చుకున్నారు, ప్రజల ఎదుటే వాటిని కోయించారు. ఎదుటివారు ఒక అడుగు వేశారని కంటితో చూసిన తర్వాతే రెండో పక్షం తన అడుగు వేసింది కాబట్టి, మాట తప్పారన్న అనుమానానికి చోటు తగ్గింది.

చివరగా, ముసాయిదాలోని ప్రతి వాక్యానికీ ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా అన్న రెండు ప్రశ్నలు వేసి చూడండి. తేదీ రాసిన ఆయుధాల అప్పగింత, బలగాల ఉపసంహరణ ఆ ఏడాదిలోనే పూర్తయ్యాయి. అదే ఒప్పందంలో గడువు లేకుండా రాసిన, ఘర్షణ కాలపు అకృత్యాలను విచారించాల్సిన సత్యాన్వేషణ, సయోధ్య కమిషన్‌కు స్థానిక చట్టం 2013లో గానీ రాలేదు, సభ్యుల నియామకం 2016 దాకా జరగలేదు.