తొట్టిలో గుర్రపు డెక్క: సమస్యలు, పరిష్కారాలు

ఆకులు పసుపెక్కుతున్నాయి

అంచున ఉన్న ఒకటి రెండు ముదురు ఆకులైతే టెన్షన్ అక్కర్లేదు, గిల్లేయండి. లేత ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదన్నమాట. నల్లగొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. ఇక్కడ మాత్రం ముందు చూడాల్సింది క్షారగుణం. బకెట్లకు తెల్లపొర కట్టే బోరు నీళ్లలో ఇనుము ఉన్నా వేళ్లు పీల్చుకోలేవు. సగం నీళ్లు తీసేసి వాన నీళ్లు పోయండి. వానలు లేకపోతే చీలేటెడ్ ఐరన్‌ను (మొక్క తేలిగ్గా పీల్చుకునే రూపంలోని ఇనుము) పలచగా కలిపి ఆకులపై పిచికారీ చేయొచ్చు.

ఆకుల కొసలు మాడుతున్నాయి

మే నెల ఎండకు డాబా మీది చిన్న తొట్టిలో నీళ్లు కాగిపోతాయి. మధ్యాహ్నం షేడ్‌నెట్ కట్టి, సాయంత్రం నీళ్లు నింపండి.

పూలు రావడం లేదు

నీడలో పెట్టి ఉంటారు, లేదా ఎరువు ఎక్కువైంది. రోజుకు ఆరు గంటల ఎండ పడాలి. పూసిన పువ్వు ఒకటి రెండు రోజులే ఉంటుంది. వాడగానే కాడ కోసేయండి, గింజ పట్టనివ్వొద్దు. గింజలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి.

పొద్దున్నే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి

మొక్కలు నీటిని పూర్తిగా కప్పేయడంతో ఆక్సిజన్ తగ్గింది. వెంటనే సగం తీసేయండి. ఎప్పుడూ సగం నీరు కనబడుతూ ఉండాలి.

మొక్కలు పెరిగి తొట్టి పట్టడం లేదు

అసలు తలనొప్పి ఇదే. వెచ్చదనం, ఎరువు దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతాయి. దక్షిణ అమెరికాకు చెందిన ఈ మొక్క మన దేశానికి అందం కోసమే వచ్చింది, ఇప్పుడు మూసీలో చూస్తున్నాం కదా. అందుకే మిగిలినవాటిని కాలువలో వేయడం, పక్కింటివాళ్లకు పంచడం రెండూ వద్దు. వేళ్లు పైకి ఉండేలా డాబా మీద పరిచి, కరకరలాడేదాకా ఎండబెట్టి కంపోస్టులో కలపండి. తొట్టి నీళ్లు మోరీలో పోయకుండా చెట్ల మొదళ్లలో పోయండి. వాటిలో చిన్న పిలక ఉన్నా మోరీ నుంచి చెరువుకు చేరుతుంది.

చెరువులో అప్పటికే కనిపించింది

నాలుగు మొక్కలున్నప్పుడే, పూయకముందే లాగేయాలి. చెరువంతా పరుచుకుంటే వేసవిలో నీరు తగ్గినప్పుడు తీయడం తేలిక. మురుగు వస్తున్నంత కాలం మళ్లీ మళ్లీ మొలుస్తుంది కాబట్టి మోరీ ఎటు కలుస్తుందో ముందు చూడండి. కలుపు మందు కొట్టే ఆలోచన మాత్రం నాకు నచ్చదు. చచ్చిన మొక్కలు మునిగి కుళ్లితే చేపలు పోతాయి. 2,4-డి అనే కలుపు మందైతే గాలికి కొట్టుకొచ్చి పక్కనున్న పత్తి ఆకులు ముడుచుకుపోతాయి. నియోకెటినా అనే ముక్కుపురుగులను 1980ల్లో మన దేశానికి తెచ్చి వదిలారు. అవి ఈ మొక్కనే తింటాయి గానీ ఫలితానికి ఏళ్లు పడుతుంది. మురుగు నీటిలో పెరిగిన డెక్క విషలోహాలను పీల్చుకుంటుంది. దాని కంపోస్టును ఆకుకూరలకు వేయకండి, పూలమొక్కలకు వాడుకోండి.