7805 బోర్డును పైథాన్‌తో పరీక్షించడం: ప్రోగ్రామింగ్ తొలి పాఠాలు

ప్రోగ్రామింగ్‌లో తొలి అభ్యాసంగా ప్రధాన సంఖ్యలు కనుక్కోవడమో, మార్కుల జాబితా తయారుచేయడమో ఇవ్వడం ఆనవాయితీ. ఎలక్ట్రానిక్స్ చదివినవారికి అంతకంటే తొందరగా ఒంటబట్టే అభ్యాసం మరొకటుంది: ఒక చిన్న బోర్డును కంప్యూటరు చేత పరీక్షింపజేయడం. వేరియబుల్, షరతు, లూప్, ఫంక్షన్ వంటివన్నీ ఇందులో పాఠాలుగా కాక పని అవసరం కొద్దీ వాటంతటవే వస్తాయి. ఇక్కడ 7805 రెగ్యులేటర్ బోర్డును, అంటే ఇన్‌పుట్ వోల్టేజీ మారినా అవుట్‌పుట్‌ను 5 వోల్టుల దగ్గర నిలిపే చిప్ ఉన్న బోర్డును, ఉదాహరణగా తీసుకుంటున్నాను. డిప్లొమాలోనో బీటెక్‌లోనో దాన్ని ఒక్కసారైనా సాల్డర్ చేయని ఈసీఈ విద్యార్థి అరుదు.

కంప్యూటరుకు కలపగల పవర్ సప్లై ఒకటి, యూఎస్‌బీ లేదా లాన్ సదుపాయమున్న బెంచ్ మల్టీమీటర్ ఒకటి, పైథాన్, దానికి తోడుగా కొలత పరికరాలతో మాట్లాడించే పైవిసా అనే లైబ్రరీ కావాలి. చేత్తో పట్టుకునే మామూలు మల్టీమీటర్లలో చాలావాటికి కంప్యూటరుతో మాట్లాడే దారి ఉండదు.

కీబోర్డు జోలికి వెళ్లేముందు పరీక్షను కాగితం మీద రాసుకోవాలి. 7805 సరిగా పనిచేయాలంటే ఇన్‌పుట్ వోల్టేజీ అవుట్‌పుట్ కంటే సుమారు 2 వోల్టులు ఎక్కువగా ఉండాలి కాబట్టి 7 వోల్టులతో మొదలుపెట్టి ఒక్కో వోల్టు పెంచుతూ 12 దాకా వెళదాం. అవుట్‌పుట్‌కు 50 ఓమ్‌ల రెసిస్టర్‌ను లోడ్‌గా పెడితే 100 మిల్లీ ఆంపియర్ల కరెంటు పారుతుంది. ఆ రెసిస్టర్‌లో అర వాటు ఖర్చవుతుంది గనుక పావు వాటు రెసిస్టర్ వేడెక్కి మాడుతుంది, కనీసం 1 వాటుది వాడండి. ఇక హద్దుల సంగతి. డేటాషీట్లలో 4.8 నుంచి 5.2 వోల్టులని ఒక వరుసలోనూ, 4.75 నుంచి 5.25 అని మరో వరుసలోనూ కనిపిస్తుంది. మొదటిది చిప్ లోపలి ఉష్ణోగ్రత 25 డిగ్రీలున్నప్పటి మాట. 12 వోల్టుల ఇన్‌పుట్ వద్ద మన చిప్‌లో 0.7 వాటు వేడిగా మారుతుంది, హీట్ సింక్ లేకపోతే లోపలి ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రత కంటే దాదాపు 45 డిగ్రీలు పైకి పోతుంది. కనుక మనకు వర్తించేది రెండో వరుస. ఈ తేడా గమనించకుండా మొదటి హద్దులు పెట్టినవారు మంచి బోర్డులను కూడా పక్కన పడేస్తారు.

ఇప్పుడు పరికరాలను పలకరించాలి. కొలత పరికరాలకు పంపే ఆదేశాల కోసం 1990లో వెలువడిన ఎస్‌సీపీఐ ప్రమాణం పుణ్యమా అని వేర్వేరు కంపెనీల పరికరాలు దాదాపు ఒకే తీరు ఆదేశాలను అర్థం చేసుకుంటాయి. నక్షత్రం గుర్తుతో మొదలై ప్రశ్నార్థకంతో ముగిసే ‘*ఐడీఎన్?’ అనే ప్రశ్న పంపితే పరికరం తన తయారీదారు, మోడల్, సీరియల్ నంబరు, ఫర్మ్‌వేర్ వెర్షన్ అనే నాలుగు వివరాలను కామాలతో విడదీసి పంపుతుంది. ఆ జవాబును ఒక వేరియబుల్‌లో దాచుకొని, మనం అనుకున్న మోడలేనా కాదా అని ఒక షరతుతో సరిచూడండి. సప్లైకి పంపాల్సిన ఆదేశం మల్టీమీటర్‌కు వెళ్లే గందరగోళం దీనితో తప్పుతుంది. పైవిసా మామూలుగా జవాబు కోసం 2 సెకన్లు ఆగి, రాకపోతే దోషం చూపుతుంది. అలా జరిగితే పరికరం పాడైందని అనుకునేముందు, ఆదేశం ముగిసిందని తెలిపే గుర్తు కంప్యూటరు వైపూ పరికరం వైపూ ఒకటేనా అని చూడాలి.

కొత్తవారు తడబడే చోటు దీని తర్వాత వస్తుంది. మల్టీమీటర్ పంపే కొలత ‘+4.98712300ఈ+00’ అన్న రూపంలో ఉంటుంది. చూడ్డానికి సంఖ్యే అయినా పైథాన్ దృష్టిలో అది అక్షరాల వరుస, అంటే స్ట్రింగ్. దాన్ని దశాంశ సంఖ్యగా, అంటే ఫ్లోట్‌గా మార్చనిదే 4.75తో పోల్చడం కుదరదు. మార్చిన తరువాత కూడా ‘5కు సమానమా’ అని అడగకూడదు. ఏ కొలతా సరిగ్గా 5.000000 రాదు, పైగా కంప్యూటరులో 0.1కి 0.2 కలిపితే కచ్చితంగా 0.3 కూడా రాదు. అడగవలసింది రెండు హద్దుల మధ్య ఉందా అని మాత్రమే. రెండూ అవసరమే, ఎందుకంటే కొలత తన రేంజి దాటినప్పుడు చాలా మల్టీమీటర్లు 9.9ఈ+37 అనే భారీ సంఖ్యను పంపుతాయి. కింది హద్దు ఒక్కటే చూసే ప్రోగ్రాం దాన్ని భేషుగ్గా పాస్ చేసేస్తుంది.

ఇక లూప్, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం. ఒక్కో మెట్టులోనూ వోల్టేజీ పెట్టడం, ఆగడం, కొలవడం, తీర్పు చెప్పడం అనేవే పనులు. వీటిని ఒక ఫంక్షన్‌గా రాసి, ఇన్‌పుట్ వోల్టేజీని దానికి అందిస్తే, రేపు 12 వోల్టులిచ్చే 7812 బోర్డు వచ్చినా హద్దులూ వోల్టేజీలూ మారతాయి గాని ఫంక్షన్ మారదు. పైథాన్‌లో వరుస సంఖ్యలిచ్చే రేంజ్‌కు 7, 12 అని ఇస్తే 11 దగ్గరే ఆగిపోతుంది, 13 అని ఇవ్వాలి. ఆగే వ్యవధికి అర సెకను చాలు. అయితే ఇక్కడ ఒక చిక్కుంది. రెగ్యులేటర్ అవుట్‌పుట్ ఎప్పుడూ 5 వోల్టుల దగ్గరే ఉంటుంది కాబట్టి, సప్లై ఇంకా పాత వోల్టేజీలోనే ఉండగా కొలిచినా ఫలితంలో తేడా కనబడదు. ఆరు మెట్లూ పాసయినట్టు కనిపిస్తాయి, నిజానికి ఒక్క మెట్టునే ఆరుసార్లు కొలిచి ఉంటాం. అందుకే ప్రతి మెట్టులోనూ సప్లై తన కొనల వద్ద నిజంగా ఎంత వోల్టేజీ ఉందో కూడా అడిగి, మనం అడిగిన విలువతో పోల్చాలి.

బోర్డులో షార్ట్ ఉంటే ఏమవుతుందన్నది ముందే ఆలోచించాలి. అవుట్‌పుట్ ఆన్ చేయకముందే సప్లైలో కరెంటు హద్దును 200 మిల్లీ ఆంపియర్ల దగ్గర పెట్టండి. లోడ్‌కు 100, చిప్ తన అవసరానికి తీసుకునేది సుమారు 5, మిగిలినది వెసులుబాటు. తరువాత లూప్ మొత్తాన్నీ ‘ట్రై’ భాగంలో పెట్టి, సప్లైని ఆఫ్ చేసే ఆదేశాన్ని ‘ఫైనలీ’ భాగంలో రాయాలి. మధ్యలో ఏ దోషం వచ్చి ప్రోగ్రాం ఆగినా ఆ ఆదేశం అమలవుతుంది. కంప్యూటరుకే కరెంటు పోతే మాత్రం అది అమలు కాదు, అప్పుడు బోర్డును కాపాడేది సప్లైలో పెట్టిన ఆ హద్దు ఒక్కటే.

అన్నీ పాస్ అని వచ్చిన ప్రోగ్రాంను అప్పుడే నమ్మవద్దు. దాన్ని ఫెయిల్ చేయించి చూడాలి. ఇన్‌పుట్‌ను 5.5 వోల్టులకు తగ్గిస్తే అవుట్‌పుట్ 4.75 కంటే కిందికి జారుతుంది. 7805 స్థానంలో 7809 పెడితే 11, 12 వోల్టుల మెట్లలో 9 వోల్టులు వస్తాయి. మల్టీమీటర్ వైరు ఊడదీస్తే కొలతే ఉండదు. మూడింటినీ ప్రోగ్రాం పట్టుకోవాలి. ఏ ఒక్కదాన్ని వదిలేసినా ముందు షరతును దిద్దాలి, ఆ తరువాతే బోర్డుల వరుస మొదలుపెట్టాలి.

ఫలితాలను సీఎస్‌వీ ఫైలులో, అంటే విలువలను కామాలతో విడదీసి రాసే ఫైలులో రాసేటప్పుడు బోర్డు నంబరు, సమయం, అడిగిన ఇన్‌పుట్, నిజమైన ఇన్‌పుట్, అవుట్‌పుట్, తీర్పు అన్నీ ఉండాలి. పాస్, ఫెయిల్ అని మాత్రమే రాస్తే, వరుసగా అన్ని బోర్డులూ 4.77 దగ్గర అంచున పాసవుతున్న సంగతి ఎవరికీ తెలియదు. ఫైలును కొత్తగా రాసే పద్ధతిలో కాక, ఉన్నదానికి చేర్చే పద్ధతిలో తెరవండి. మొదటి పద్ధతిలో తెరిస్తే నిన్నటి కొలతలన్నీ చెరిగిపోతాయి.